వివక్ష నిర్మూలనలో హాజరు చాలలేదు

ఆ విశ్వవిద్యాలయం పేరు చెప్పను. చెబితే అనకాపల్లికీ విజయనగరానికీ మధ్య ఉన్నవాళ్లంతా "అది మా గురించే" అని తగువుకొస్తారు. చెప్పకపోతే ప్రతి ఒక్కరూ తమది కాదనుకుంటారు, అందరికీ సుఖం. గుర్తులు మాత్రం చెబుతాను. హైవేకి ఇవతల రెండు సిమెంటు ఏనుగులు తొండాలెత్తి నిలబడ్డ పెద్ద గేటు. గేటు లోపల చదువు. హైవేకి అవతల ఆడపిల్లల హాస్టలు. అవతల స్థలం చవగ్గా దొరికిందని అక్కడ కట్టారు. ఆ పుణ్యమా అని ఆడపిల్లలు రోజుకి నాలుగుసార్లు గేటు దాటాలి. ఈ కథంతా ఆ గేటు దగ్గరే నడిచింది.

నూకరత్నం ఆ సంస్థలో పరీక్షల విభాగం సూపరింటెండెంటు. అది రేకుల షెడ్డులో పాలిటెక్నిక్‌గా ఉన్న రోజుల నుంచీ ఉంది. ఉపకులపతులు వచ్చారు, పోయారు. ఆవిడ బల్లా, బల్ల మీది రూళ్లకర్రా మాత్రం కదల్లేదు. ఎవరికే చిక్కొచ్చినా ఆ బల్ల దగ్గరికే వచ్చేవారు. ఒక సోమవారం పొద్దున్న ఆ బల్ల ముందుకొచ్చి నిలబడింది తమండా ఫిరి. మలావీ దేశం పిల్ల. బీఫార్మసీ ఆఖరి సంవత్సరం. వాళ్ల ప్రభుత్వం ఇచ్చే స్కాలర్‌షిప్పు మీద చదువుతోంది. తెలుగు మాత్రం హాస్టలు మెస్సులో వడ్డించే ఆడవాళ్ల దగ్గర నేర్చుకుంది. కళ్లు మూసుకుని వింటే చోడవరం సంతలో ఉన్నట్టుంటుంది.

"ఏటి మేడమ్, రోజూ నన్నే ఆపుతన్నారు. మా రూమ్మేటు ఎల్లిపోద్ది. నేపాల్ గుంటలు ఎల్లిపోతారు. మొన్న తెల్లోళ్లు ఇద్దరొత్తే సెల్యూట్ కొట్టి మరీ పంపినారు. నానొక్కదాన్నే కారడు సూపించాల, పుస్తకంలో రాయించుకోవాల. అందర్నీ అడగమనండి, లేదా ఎవర్నీ అడగొద్దనండి. అంతే."

అర్జీ కూడా ఇచ్చింది. అందులోనూ అంతే ఉంది.

నూకరత్నం గేటు దగ్గరికెళ్లి విచారించింది. వాచ్‌మన్ సన్యాసప్పడు తన గదిలోంచి ఆరేళ్ల నాటి సర్క్యులర్ తీసి చూపించాడు. దాన్ని అట్టకి అంటించి, దేవుడి పటాల పక్కన మేకుకి తగిలించుకున్నాడు. "విదేశీయులుగా కనిపించువారిని నిలిపి, వివరములు నమోదు చేయవలెను" అని ఉంది అందులో. పేరు, తండ్రి పేరు, పాస్‌పోర్టు నంబరు, వచ్చిన పని.

"మరి ఆ తెల్లవాళ్లు విదేశీయులు కారా?" అంది నూకరత్నం.

"ఆళ్లు గెస్టులండి."

"నీకు ఈ పిల్ల తెలీదా?"

"అదేటండలాగంటారు! తమండమ్మ నాకు తెల్దేటి? ఆలమ్మకి సుగరు. ఆళ్ల తమ్ముడు బస్సు నడుపుతాడు. మొన్న మా యావిడ గోంగూర పచ్చడెడితే రెండు సీసాలు అట్టుకెల్లింది. అయితే మాత్రం కాయితం కాయితమే కదండి. ఇంకో కాయితం ఇవ్వండి, ఈ క్షణం మానేత్తాను."

న్యాయమైన మాటే. నూకరత్నం తిరిగొచ్చి ఒక్క వాక్యం రాసింది: "గేటు వద్ద గుర్తింపు కార్డు అందరినీ అడగవలెను, లేనిచో ఎవరినీ అడగరాదు." కింద సంతకానికి జాగా వదిలి, ఉపకులపతి గారి బల్ల మీద పెట్టింది. సాయంత్రానికల్లా అయిపోతుందనుకుంది, అమాయకురాలు.

ఉపకులపతి ఆచార్య పరాంకుశరావు గారు అంతకు వారం ముందే సింగపూరులో ఏదో సదస్సుకి వెళ్లొచ్చారు. అక్కడ రెండు విషయాలు తెలుసుకున్నారు. ఒకటి, నల్లజాతి చరిత్ర నేర్పడం ఇప్పుడు ప్రపంచమంతా చేస్తున్న పని. రెండు, ధ్యానంతో తగ్గనిది లేదు. ఈ రెంటినీ కలపడానికి ఒక సమస్య దొరికితే బాగుండునని విమానంలోనే అనుకున్నారట. దిగేసరికి సమస్య తనంతట తానే నడిచొచ్చి, గేటు దగ్గర ఆగి ఉంది.

"రత్నం గారూ, మీరు లక్షణానికి మందు రాశారు. నాకు మూలం కావాలి. గేటు బయట లేదమ్మా, ప్రతి మనిషి లోపలా ఉంది" అన్నారాయన, ఆ ఒక్క వాక్యపు కాగితాన్ని ఫైల్లో అన్నిటికంటే అడుగున పెడుతూ.

మూడోనాడు ఉన్నతస్థాయి సంఘం కూర్చుంది. మినిట్స్ రాయడానికి నూకరత్నాన్ని పిలిచారు.

"సభ్యుల అవగాహన నిమిత్తం ఒక సందేహం" అన్నారు రిజిస్ట్రార్ వల్లభరావు గారు. "ఇలాంటి వివక్షలు ఆయా దేశాల్లో ఉండవచ్చు. మన సంస్కృతిలో మనిషిని మనిషి దూరం పెట్టడమనేది ఏనాడూ లేదు కదా. లేనిదాన్ని మనం నిర్మూలించడం ఎలా?"

"లేదు గనకే నిర్మూలన త్వరగా పూర్తవుతుంది. నూరు శాతం ఫలితం చూపించవచ్చు" అన్నారు ఉపకులపతి.

బల్లలు చరిచారు. గదిలోకి పింగాణీ కప్పుల్లో టీ వచ్చింది. ఊడ్చే పైడమ్మకి టీ పోసే స్టీలు గ్లాసు ఎప్పట్లాగే విడిగా, కిటికీ గూట్లో బోర్లించి ఉంది. నూకరత్నం ఆ గ్లాసు వైపు ఓసారి చూసి, మినిట్స్‌లో "లేదు" అని రాసుకుంది.

తీర్మానాలు ఇవీ. "వర్ణవివక్ష నిర్మూలన" అనే కోర్సు అందరికీ తప్పనిసరి. పొద్దున ఎనిమిదికి ధ్యానం, వెంటనే నల్లజాతి చరిత్ర. డెబ్భై అయిదు శాతం హాజరు లేనివారికి ఆఖరి పరీక్షలకి హాల్‌టికెట్ ఇవ్వబడదు. సరిగ్గా ఎనిమిదికి ధ్యానమందిరం తలుపులు మూయబడును; ధ్యానభంగం కలుగును గనుక ఎవరి కోసమూ, ఎట్టి పరిస్థితిలోనూ తెరువబడవు. చరిత్ర చెప్పేందుకు చరిత్ర శాఖని అడుగుదామంటే, అడ్మిషన్లు లేవని దాన్ని నాలుగేళ్ల కిందటే ఎత్తేశారు. ఎవరు ఖాళీగా ఉన్నారని వెతికితే సివిల్‌లో కాంక్రీటు చెప్పే గోవిందస్వామి దొరికాడు. ధ్యానానికి మాత్రం బయటి నుంచి నిపుణుణ్ణి రప్పించారు. ఆయన పేరు ముందు డాక్టరు, వెనక ఆనంద, మధ్యలో ఇంకేదో ఉండేది.

మొదటి రోజు ఆ డాక్టరానంద మూడు వేల మందినీ కూర్చోబెట్టి, "కళ్లు మూయండి. ఇప్పుడు పక్కవాడిది ఏ రంగో చెప్పండి" అన్నాడు.

"కనబట్టం లేదు సార్" అన్నారు వెనక నుంచి.

"అదీ! పోయింది. వివక్ష పోయింది."

"తెరిస్తే మళ్లీ కనబడతాది కదండి" అన్నాడొక కుర్రాడు.

డాక్టరానంద కాసేపు ఆలోచించి, తొందరపడి తెరవొద్దన్నాడు. సగం మంది తెరవలేదు, నిద్రపోయారు.

తమండా ఆ సంగతులేవీ చూడలేదు. హాస్టలు గేటు తీసేదే ఏడూ నలభై అయిదుకి. హైవే దాటడానికి నాలుగు నిమిషాలు. సన్యాసప్పడు పుస్తకంలో రాయడానికి పదకొండు. పాపం అతను అక్షరానికీ అక్షరానికీ మధ్య పెన్ను నాలుకకి తాకిస్తాడు.

"పేరేటమ్మా?"

"తమండా ఫిరి, బాబాయ్."

"నాన్న పేరు?"

"నిన్న సెప్పినదే."

"అలాగనకమ్మా, ఈరోజు ఈరోజే కదా. ఒచ్చిన పని?"

"వర్ణవివక్ష నిర్మూలన."

ఆ మాట రాసేసరికి ఎనిమిదయ్యేది. అక్కణ్ణుంచి మందిరానికి పరిగెత్తితే తలుపు మూసుండేది. ధ్యానానికి రానివాళ్లకి చరిత్రలోనూ హాజరు వేయరు, రెండూ ఒకే కోర్సు గనుక. అయినా చరిత్రకి మాత్రం వెళ్లి, హాజరు పడకపోయినా వెనక బెంచీలో కూర్చునేది.

గోవిందస్వామి చెడ్డవాడు కాదు. ఇచ్చిన స్లైడులు ఇచ్చినట్టే చదివేవాడు. బానిసలని తీసుకుపోయిన ఓడ పొడవు, వెడల్పు, అది మోయగల బరువు. ఇవి మాత్రం సొంతంగా లెక్కగట్టి బోర్డు మీద వేశాడు. ఒకరోజు తమండా లేచి నిలబడింది.

"సార్, మా అమ్మమ్మ సెప్పేది. తెల్లోళ్ల కొట్టు లోపలికి మావోళ్లు ఎల్లకూడదంట. బయట నిల్సుని కిటికీలోంచి కొనుక్కోవాలంట. మా అమ్మమ్మ సచ్చేదాకా ఏ కొట్టుకెల్లినా కిటికీ దగ్గరే ఆగిపోయీది. లోపలికి రావే అంటే ఏడ్సీది."

అప్పుడు మూడో వరసలో ఒక కుర్రాడు కూర్చునే అన్నాడు: "మా తాతకీ అంతేనండి. టీ కొట్టు బయటే. గలాసు కూడా ఆయనే తెచ్చుకునేవోడు."

ఆ కోర్సు మొత్తంలో ఎవరైనా ఏదైనా నేర్చుకున్నది ఆ నిమిషంలోనే. గోవిందస్వామి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఏదో అనబోయాడు కూడా. తర్వాత స్లైడు కేసి చూశాడు. "ఇది ఇందులో లేదమ్మా. పరీక్షకి రాదు. కూర్చోండి" అన్నాడు.

తమండా రెండో అర్జీ పెట్టింది. గేటు దగ్గర ఆపడం వల్ల ధ్యానం పోతోందని రాసింది. అర్జీ డాక్టరానంద దగ్గరికి వెళ్లింది. ఆయన అభిప్రాయం నాలుగు పేజీలు. సారాంశం ఏమిటంటే, ఇంత ధ్యానం జరుగుతున్న ప్రాంగణంలో ఇంకా ఫిర్యాదు చేస్తోందంటే ఆమె అంతరంగం అశాంతిగా ఉందన్నమాట. కనుక ఆమెకి మధ్యాహ్నం రెండింటికి అదనపు ధ్యానం వేశారు. మధ్యాహ్నం మెస్సు హాస్టల్లో. అంటే మళ్లీ గేటు, మళ్లీ పుస్తకం, మళ్లీ నాన్న పేరు. ఇప్పుడు రోజుకి ఒకటి కాదు, రెండు గైర్హాజర్లు. మూడో అర్జీ పెడితే మూడోది వేస్తారని భయపడి మానేసింది.

సెమిస్టరు చివర హాజరు జాబితా నూకరత్నం బల్ల మీదికొచ్చింది. మూడు వేల రెండు వందల మందిలో "వర్ణవివక్ష నిర్మూలన"లో హాజరు చాలని వాళ్లు ఒక్కరంటే ఒక్కరు. తమండా ఫిరి. తొమ్మిది శాతం. ఆ తొమ్మిదీ సన్యాసప్పడికి జ్వరమొచ్చిన రోజులవి.

నూకరత్నం జాబితా పట్టుకుని రిజిస్ట్రార్ దగ్గరికి పరిగెత్తింది.

"సార్, ఇది మరీ దారుణం. గేటు దగ్గర ఆపుతున్నారని అర్జీ పెట్టినందుకే ఈ కోర్సు పుట్టింది. గేటు దగ్గర ఆపినందుకే ఆ పిల్ల ఈ కోర్సులో పోయింది."

"హాజరు మినహాయింపుకి మూడే క్లాజులున్నాయమ్మా" అన్నారు వల్లభరావు గారు ఎంతో ఓర్పుగా. "అనారోగ్యం, ఎన్‌సీసీ, క్రీడలు. గేటు దగ్గర నిలబడటం వీటిలో దేని కిందికొస్తుంది?"

"పరీక్ష రాయకపోతే స్కాలర్‌షిప్పు ఆపేస్తారండి. నాలుగేళ్ల చదువూ గంగలో కలుస్తుంది. ఉత్త చేతుల్తో ఇంటికెళ్లాలి."

"సానుభూతి ఉంది. క్లాజు లేదు."

నూకరత్నం బల్ల దగ్గరికొచ్చి కూర్చుంది. కోపం వచ్చినప్పుడు ఆవిడకి ఎప్పుడూ ఒకటే గుర్తొస్తుంది. పెళ్లిచూపులకి వచ్చినవాళ్లతో నాన్న "పిల్ల చామనఛాయ" అంటే, పెళ్లికొడుకు తల్లి ఆవిణ్ణి పైనుంచి కిందికి చూసి "చామనఛాయకీ ఒక హద్దుండాలి కదండీ" అంది. ఆ మాట చెప్పి ముప్ఫై ఏళ్లు అందర్నీ నవ్వించింది నూకరత్నం. తనకి మాత్రం ఒక్కనాడూ నవ్వు రాలేదు. కాయితం కాయితమే అన్నాడు కదా సన్యాసప్పడు. సరే, కాయితాలే చూద్దాం అనుకుని, బీరువాలోంచి పరీక్షల నిబంధనావళి దింపింది. దుమ్ముకి ఏడు తుమ్ములు తుమ్మింది.

నలభై రెండో పేజీలో మొదటిది దొరికింది: అప్పీలు పరిశీలనలో ఉన్న అభ్యర్థిని పరీక్ష రాయనీయవచ్చును, అప్పీలు తిరస్కరించబడినచో జవాబుపత్రం రద్దగును. వెంటనే తమండా చేత అప్పీలు రాయించి, తాత్కాలిక హాల్‌టికెట్ ఇచ్చింది. అరవయ్యో పేజీలో రెండోది: పరీక్షలు జరుగు దినములలో ప్రధాన ద్వారం పరీక్షల విభాగం అధీనమున ఉండును. చీటీలు రాకుండా ఎవరో ఎప్పుడో పెట్టిన నిబంధన.

పరీక్షల మొదటి రోజునే ఇంకో ఘనకార్యం కూడా కుదిరింది. వివక్షరహిత విద్యాసంస్థల గుర్తింపు మండలి తనిఖీకి వస్తోంది. నెగ్గితే అయిదు దీపాల ఇత్తడి ఫలకం ఇస్తారు. వాళ్లకి చూపించడానికి ఆవేళ కూడా ఎనిమిదికి ధ్యానం పెట్టారు. దాని కోసం గేటు మీద ఇరవై అడుగుల బ్యానరు కట్టారు. అందులో ఉపకులపతి గారు పద్మాసనంలో కళ్లు మూసుకుని ఉన్నారు. ముందురోజు సాయంత్రం నూకరత్నం ఆ బ్యానరు కింద నిలబడి సన్యాసప్పడికి కొత్త కాగితం ఇచ్చింది. కింద తన సంతకం, తన ముద్ర. "రేపు గేటు వద్ద కార్డు గానీ హాల్‌టికెట్ గానీ అందరినీ అడగవలెను. లేనివారి వివరములు నమోదు చేయవలెను."

"అందర్నీనా అండి?"

"అందర్నీ."

"అమ్మయ్య" అన్నాడు సన్యాసప్పడు. "ఆ గుంటనొక్కదాన్నే అడుగుతుంటే నాకూ సిగ్గేసీదండి." పాత కాగితం మీద కొత్తది అంటించుకున్నాడు.

మర్నాడు పొద్దున మండలి సభ్యులు ముగ్గురూ మెడలో కార్డులు చూపించి లోపలికెళ్లారు. పిల్లలంతా హాల్‌టికెట్లు ఊపుకుంటూ వెళ్లారు. తమండా కూడా చూపించింది. "ఎల్లమ్మా, బాగా రాయి" అన్నాడు సన్యాసప్పడు. ఎనిమిదికి పది నిమిషాలుండగా ఉపకులపతి గారి తెల్లకారు వచ్చి ఆగింది.

"కారడండి బాబూ."

అద్దం దిగింది. "ఏమిటీ?"

"ఐడీ కారడండి."

"నేనెవరో తెలీదా నీకు?"

"తెల్దేటండి? ఆ పైనున్నోరు మీరే కదా" అన్నాడు సన్యాసప్పడు బ్యానరు వైపు దండం పెడుతూ. "తమండమ్మ కూడా నాకు బాగా తెలుసండి. మూడేళ్లుగా తెలిసీ రోజూ అడుగుతన్నాను కదండి. తెలిసుంటం వేరు, కాయితం వేరు. పేరు సెప్పండి."

ఉపకులపతి గారు అరిచారు, ఫోన్ చేశారు. రిజిస్ట్రార్ ఎత్తలేదు; ఫోన్లు కట్టేసి ధ్యానంలో ఉన్నారు. వెనక కార్లు హారన్లు కొడుతున్నాయి. చివరికి పేరు చెప్పారు. పెన్ను నాలుకకి తాకింది.

"నాన్న పేరు?"

చెప్పారు.

"ఒచ్చిన పనండి?"

"వర్ణవివక్ష నిర్మూలన!" అని పళ్లు కొరికారు.

"అది రాయడం నాకు బాగా అలవాటండి" అన్నాడు సన్యాసప్పడు. అయినా పదకొండు నిమిషాలూ పట్టింది.

ఆయన మందిరం చేరేసరికి ఎనిమిదీ నాలుగు. తలుపు మూసి ఉంది. బాదారు. లోపల్నుంచి ఒక వాలంటీరు గుసగుసగా, "ధ్యానభంగం సార్. ఎట్టి పరిస్థితిలోనూ తెరవొద్దని రూలుంది. కింద సంతకం మీదే సార్" అన్నాడు. అన్ని రోజులూ ఆయన హాజరు ఆయన పీఏ వేసేవాడు. ఆవేళ మాత్రం పుస్తకం మండలి వాళ్ల చేతిలో ఉంది. వాళ్లు ఎర్రసిరాతో గైర్హాజరు వేశారు. సంస్థాధిపతి హాజరు నూరు శాతం లేకపోతే ఫలకం లేదని వాళ్ల నిబంధన.

తొమ్మిదింటికల్లా ఉపకులపతి గారు పరీక్షల విభాగంలో, నూకరత్నం బల్ల ముందు నిలబడి ఉన్నారు. అలా ఆయన అక్కడికి రావడం అదే మొదలు.

"ఎవరు చెప్పారు నీకు గేటు దగ్గర ఆ తమాషా చెయ్యమని?"

"అరవయ్యో పేజీ సార్" అని పుస్తకం తెరిచి చూపించింది.

ఆయన చదివారు. పుస్తకం పక్కకి తోశారు. "ఎంత అవమానం! నన్ను, నా సొంత గేటు దగ్గర, అందరూ చూస్తుండగా, మా నాన్న పేరడిగాడు! వాడు తెలిసీ అడిగాడు! ఒక మనిషిని అలా నిలబెడితే లోపల ఎలా ఉంటుందో తెలుసా మీకు?"

"నాకు తెలీదు సార్. తెలిసిన పిల్ల పై అంతస్తులో పరీక్ష రాస్తోంది" అంది నూకరత్నం.

ఆయనకా మాట వినపడలేదు. "ఆ గైర్హాజరు పోవాలి. మధ్యాహ్నంలోగా మండలి వాళ్లు వెళ్లిపోతారు. దారేదైనా ఉందా?"

"క్లాజు లేదు సార్. కొత్తది పెట్టుకోవాలి. మీరు సంతకం చేస్తే చాలు. మీ పేరు మీదే పెడితే మండలి వాళ్లకి బాగుండదు. అందరికీ వర్తించేట్టు రాస్తాను."

"రాయండి, రాయండి."

నూకరత్నం ఒక్క వాక్యమే రాసింది. ఈసారీ ఒక్కటే: "గేటు వద్ద నిలుపుదల కారణంగా ధ్యానమునకు రాలేకపోయిన వారెవరికైనను, ఈ సెమిస్టరు మొదటి దినము నుండి హాజరు ఇవ్వబడును." ఆయన చదివారో లేదో, సంతకం పడింది. ఆ ఊపులోనే, ఇకనుంచి గేటు దగ్గర ఏ ఒక్కరినీ, ఏ కారణం చేతనూ కార్డు అడగరాదని ఇంకో ఉత్తర్వు కూడా ఇచ్చారు. పద్నాలుగు వారాల్లో కాని పని పన్నెండు నిమిషాల్లో అయింది.

నూకరత్నం గేటు పుస్తకం తెప్పించింది. మొదటి దినము నుండి తమండా ఫిరి పేరు ఉదయం, మధ్యాహ్నం, తండ్రి పేరుతో సహా సన్యాసప్పడి గుండ్రటి అక్షరాల్లో ఉంది. రోజుకొకటీ, అదనపు ధ్యానం పడ్డాక రెండేసీ హాజర్లు వేసుకుంటూ పోయింది. మొత్తం నూట పదహారు శాతం వచ్చింది. ఆ కోర్సులో అదే ప్రథమ స్థానం.

ఫలకం వచ్చింది. ధ్యాన ప్రభావం వల్ల గేటు సమస్య సమూలంగా తొలగిపోయిందని వార్షిక నివేదికలో అచ్చువేశారు. గేటు కార్యక్రమంలో అవిధేయత చూపినందుకు నూకరత్నానికి మెమో ఇచ్చి, నలభై ఒక్క రోజుల ధ్యానం విధించారు. ఆవిడ రోజూ ఎనిమిదికి వెళ్లి, కిటికీ పక్కన కూర్చుని, కళ్లు తెరిచే ఉంచేది.

ముప్ఫై తొమ్మిదో రోజున ఆ కిటికీలోంచి తమండా కనబడింది. చేతిలో డిగ్రీ గొట్టం, పక్కన హాస్టలు ఖాళీ చేసి వెంట తెచ్చుకున్న రెండు పెట్టెలు, గేటు బయట ఆటో. గేటు బార్లా తెరిచి ఉంది. అయినా ఆ పిల్ల గేటు మధ్యలో అలవాటుగా ఆగిపోయి, సంచీలో చెయ్యి పెట్టి కార్డు వెతుక్కోవడం మొదలెట్టింది. నూకరత్నం లేచింది. ధ్యానభంగమవుతుందని ఎవరో అరుస్తుంటే తలుపు తోసుకుని గబగబా నడిచి వెళ్లింది.

"ఏటి బాబాయ్, అడగవా?" అంటోంది తమండా, దొరికిన కార్డు చేత్తో పట్టుకుని.

సన్యాసప్పడు పెట్టె ఎత్తి భుజాన పెట్టుకున్నాడు.

"ఏటడగమంటావమ్మా? నువ్వెవరో నాకు తెల్దేటి" అని, ఆటో వైపు నడిచాడు.